కంగారుకు కొలబద్ద

సైకాలజీలో ఎం.ఎ. చేస్తున్న ఒక విద్యార్థిని ఇరవై ఇంగ్లీషు వాక్యాలు పట్టుకుని నా దగ్గరకొచ్చింది. వాటిని తెలుగులో పెట్టాలి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల్లో ఇంటర్ చదివే పిల్లలు చేతిలో ఫోన్ లేకపోతే ఎంత ఆందోళన పడతారో కొలవడం ఆమె ప్రాజెక్టు. ఒక్కో వాక్యానికి ఒకటి నుంచి ఏడు దాకా అంకెలుంటాయి. బొత్తిగా ఒప్పుకోకపోతే ఒకటి, పూర్తిగా ఒప్పుకుంటే ఏడు. "ఒక్క గంట పని మేడం, మీరు తెలుగువాళ్ళు కదా" అంది. అంటే తెలుగు పాఠం చెప్పేవాళ్ళమని దాని భావం. ఆ గంట పని మూడు వారాలు నడిచింది.

మొదటి చిక్కు మాటల దగ్గరే వచ్చింది. ఆ ఇరవై వాక్యాల్లో నెర్వస్, యాంక్షస్, వర్రీడ్, పానిక్, అన్‌కంఫర్టబుల్ అని రకరకాలు ఉన్నాయి. వీటిలో చాలావాటికి పిల్లల నోట్లో ఉన్నది ఒకటే మాట, టెన్షన్. టెన్షన్ అని ఇరవైసార్లు రాస్తే కొలబద్ద మీద గీతలన్నీ ఒక్కచోటే పడతాయి. మనకేమో మాటలకు కరువు లేదు. దిగులు, బెంగ, గుబులు, ఆదుర్దా, గాబరా, బెదురు. తెలంగాణలో రంధి, బుగులు. కానీ ఇవి ఒకదాని బదులు ఒకటి వాడుకునే మాటలు కావు. బెంగ లేనివాళ్ళ మీద కలుగుతుంది. అమ్మ మీద బెంగ, ఊరి మీద బెంగ. బుగులు రాబోయేదాన్ని చూసి పుడుతుంది. ఒకటి పోయినదాని కోసం, రెండోది వచ్చిపడబోయేదాని గురించి. ఫోన్ దగ్గర లేనప్పుడు ఆడపిల్లకు కలిగేది ఈ రెంటిలో ఏది? ఇది తేలకుండా ఏ మాట రాసినా తప్పే అవుతుందని నాకనిపించింది.

అసలీ కొలబద్ద ఎక్కడ పుట్టిందో చూద్దామని కూర్చున్నాను. "నో మొబైల్ ఫోన్ ఫోబియా"ను కుదించి నోమోఫోబియా అన్నారు. ఈ మాట 2008లో బ్రిటన్‌లో పుట్టింది. అక్కడి పోస్టాఫీసు సంస్థ యూగవ్ అనే సర్వే కంపెనీ చేత 2,163 మందిని అడిగించింది. ఫోన్ పోయినా, బ్యాటరీ అయిపోయినా, సిగ్నల్ లేకపోయినా ఆందోళన పడతామన్నవాళ్ళు దాదాపు 53 శాతం. ఒక వైద్యుడు రోగుల్ని చూసి పెట్టిన పేరు కాదన్నమాట. అందులో ఒక చిన్న సంగతి నాకు ఆసక్తిగా తోచింది. ఆ సర్వేలో ఈ భయం మగవాళ్ళలో సగానికి బాగా పైన, ఆడవాళ్ళలో సగానికి కాస్త లోపు ఉంది. మగవాళ్ళ ఫోన్లు లాక్కోవాలని ఆ తర్వాత ఎవరూ తీర్మానం చేసినట్టు నేను వినలేదు.

మన దేశంలో 2010లో ఇండోర్ మెడికల్ కాలేజీలో 200 మంది విద్యార్థుల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. 18.5 శాతం మందికి నోమోఫోబియా ఉందని తేల్చారు. అప్పటికి ఎవరి ప్రశ్నలు వాళ్ళవి. అందరూ వాడుకునే కొలబద్ద 2015లో వచ్చింది. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో చగ్లర్ యిల్దిరిమ్, అనా పౌలా కొరైయా తయారుచేశారు. ముందు తొమ్మిదిమంది విద్యార్థులతో మాట్లాడారు. వాళ్ళు చెప్పినదాన్నిబట్టి ఇరవై వాక్యాలు అల్లారు. తర్వాత 301 మంది చేత పూరించి చూశారు. నాలుగు రకాల భయాలు తేలాయి: మాట్లాడలేకపోవడం, నలుగురితో సంబంధం తెగిపోవడం, సమాచారం అందకపోవడం, సౌకర్యం పోవడం. మొత్తం 20 వస్తే భయం లేనట్టు, 59 దాకా కొద్దిపాటి, 99 దాకా ఒక మోస్తరు, 100 నుంచి పైన తీవ్రం.

పనిలో తప్పు పట్టడానికి నాకు అర్హత లేదు, అవసరమూ లేదు. శ్రద్ధగా చేసిన పని. కానీ ఆ తొమ్మిదిమంది ఎవరు? అమెరికాలో డిగ్రీ చదువుకునే యువతీ యువకులు. వాళ్ళ జీవితంలో ఫోన్ ఎలా ఇమిడి ఉందో అదే ప్రశ్నలైంది. మన ఇంటర్ పిల్లలకు ఫోన్ ఎవరు కొనిస్తారు, ఎందుకు కొనిస్తారు, ఎప్పుడు లాక్కుంటారు అన్నవి ఆ మాటల్లో వచ్చే అవకాశమే లేదు.

అదే అయోవా రాష్ట్రంలో, వేరే విశ్వవిద్యాలయంలో, అంతకు అరవై ఏళ్ళ ముందు ఆందోళనను కొలిచిన ఒక స్త్రీ ఉంది. జానెట్ టేలర్. 1953లో ఆమె అచ్చువేసిన 50 ప్రశ్నల కొలబద్ద మనస్తత్వశాస్త్రంలో చాలా ప్రసిద్ధం. చిత్రమేమిటంటే ఆమె దాన్ని రోగుల కోసం చేయలేదు. కనురెప్పపాటు మీద జరిగే ప్రయోగాలకు బాగా ఆందోళన ఉన్నవాళ్ళని, బొత్తిగా లేనివాళ్ళని ఏరుకోవడానికి చేసుకున్న జల్లెడ అది. లోకం దాన్ని జబ్బు కొలిచే పరికరంగా వాడేసుకుంది. తన ప్రొఫెసర్‌నే పెళ్ళి చేసుకోవడంతో, భార్యాభర్తలిద్దరూ ఒకేచోట పనిచేయరాదన్న నియమం అడ్డొచ్చి, ఆమె విశ్వవిద్యాలయ ఉద్యోగానికి చాలా ఏళ్ళు దూరంగా ఉండాల్సి వచ్చింది. ఆయనకు అడ్డురాలేదు. తర్వాత ఆమె స్త్రీల పట్ల సమాజ వైఖరిని కొలిచే పని పెట్టుకుంది. ఆడతనం, మగతనం ఒకే గీతకు రెండు కొసలు కావని వాదించింది. కొలిచేవాళ్ళలో కూడా కొలబద్దను అనుమానించినవాళ్ళున్నారని చెప్పడానికే ఇదంతా.

ఇంకొక స్త్రీ కింబర్లీ యంగ్. ఇంటర్నెట్ వ్యసనం అనే ఆలోచనకు శాస్త్రరూపం ఇచ్చిన వాళ్ళలో మొదటి పేరు. 1996లో ఆమె ప్రచురించిన కేసు ఒక 43 ఏళ్ళ గృహిణిది. కంప్యూటర్ పిచ్చి కుర్రాళ్ళకే ఉంటుందన్న నమ్మకాన్ని ఈ కేసు బద్దలుకొట్టిందని ఆవిడ వ్యాసం. ఆ గృహిణి చాట్ రూముల్లో గంటల తరబడి గడిపేది. వంట, ఇల్లు శుభ్రం చేయడం, సరుకులు తేవడం మానేసిందన్నది లక్షణాల్లో ఒకటి. భర్త కూర వండటం మానేస్తే ఏ జబ్బుకైనా లక్షణం అయిందా? ఆవిడకు బాధ లేదని నేననను, ఉండి ఉంటుంది. కానీ వంట మానేసిన ఆడది రోగిలా కనిపించడం సైకాలజీ కన్నా చాలా పాతది.

ఈ పాతదనం నారాయణగూడ వీధుల్లోనే చూపించవచ్చు. నిజాం రాజ్యంలో తెలుగు మాధ్యమంలో ఆడపిల్లలకు చదువు చెప్పడానికి మాడపాటి హనుమంతరావుగారు 1928లో స్థాపించిన బడి ఇక్కడే ఉంది. 1954లో మొదలైన రెడ్డి మహిళా కళాశాలా ఇక్కడే. నాలుగడుగులు వేస్తే చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, ఆ పక్కనే అశోక్‌నగర్. ఆడపిల్ల చదువుకు ఇంత చోటిచ్చిన పేట నగరంలో మరొకటి ఉందో లేదో. ఆ చదువుతోపాటే ఆడపిల్ల చేతికి ఏం అందుతుందోనన్న భయమూ ఈ వీధుల్లో కాపురముంది. అక్షరం వస్తే ఉత్తరాలు రాస్తారన్నారు. నవలలు చదివి చెడిపోతారన్నారు. నా చిన్నప్పుడు సీరియల్ కోసం వారపత్రిక లాక్కుని చదివే ఆడవాళ్ళ మీద జోకులకు లెక్కలేదు. రాజశేఖరాల కోసం కలలు కంటున్నారని, పాలు పొంగిపోతున్నా చూడరని అనేవారు. వ్యసనం, మరో లోకం, ఇంటిపని మరిచిపోవడం అన్న ఆ మాటలే ఇవాళ ఫోన్ గురించి వింటున్నాం. అప్పుడు అంకెలు వేయలేదు, అంతే తేడా.

నేను 1980ల మధ్యలో నారాయణగూడలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను. దాని పేరు ఇక్కడ అనవసరం. ఉత్తరాలు కవరు చింపి మా చేతికొచ్చేవి. ఎవరి దగ్గర్నుంచి ఉత్తరం రావచ్చో చేరేటప్పుడే నాన్న సంతకంతో జాబితా ఇచ్చాం. ఫోను వార్డెన్ గదిలో ఉండేది. దాని డయల్‌కి చిన్న తాళం. మేం చేయడానికి వీల్లేదు, వస్తే మాట్లాడచ్చు. ఆయా కిందనుంచి గది నంబరు పెట్టి కేకేసేది. మూడో అంతస్తు నుంచి దిగుతూ ఆ యాభై మెట్లలో ఎవరు పోయారో, ఎవరికేమైందో అని అందరి మొహాలూ తలుచుకునేదాన్ని. తీరా చూస్తే అమ్మ, జ్వరం తగ్గిందా అని. వార్డెన్ ఎదురుగా కూర్చుని రిజిస్టర్ రాస్తూ వింటుంటే "తగ్గిందమ్మా" తప్ప ఏం చెప్పగలను? ఆ జ్వరం గురించి నేను అమ్మకు చెప్పాలనుకున్న సంగతి ఇంకొకటుంది. అది ఎప్పటికీ చెప్పలేదు.

అందుకే పచ్చబోర్డు ఎస్టీడీ బూత్ వచ్చినప్పుడు మా తరానికి అదొక గది దొరికినట్టైంది. అద్దాల తలుపు వేసుకోవచ్చు. మీటరు తిరుగుతుంటే గుండె కొట్టుకునేది, అది డబ్బు కోసం. ఆ తర్వాత కిరాణా కొట్ల ముందు రూపాయి బిళ్ళ డబ్బాలు. 1995 జూలై 31న జ్యోతిబసు కలకత్తా నుంచి మొదటి మొబైల్ కాల్ చేశారు. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక ఆ ఫోను మా ఇళ్ళలోకి వచ్చింది. ముందు నాన్నలకు, అన్నలకు. ఆడపిల్లకు ఎప్పుడొచ్చిందంటే హాస్టల్‌కు పంపేటప్పుడు. ఇది మరిచిపోకూడదు. ఆమె అడిగిందని కాక, ఎక్కడుందో తెలియాలని కొనిచ్చారు.

మా తెలుగు వాక్యాలు పిల్లలకు అర్థమవుతున్నాయో లేదో చూడ్డానికి నా విద్యార్థిని, నేనూ కొన్ని సాయంత్రాలు అమ్మాయిల హాస్టళ్ళకు వెళ్ళాం. అంకెలు వేయించలేదు, మాట్లాడాం. ఇంటివాళ్ళు తనను చేరుకోలేరన్న ఆందోళన గురించిన వాక్యం దగ్గర సూర్యాపేట వైపు అమ్మాయి ఠక్కున ఏడు అంది. ఎందుకని అడిగితే, "రెండుసార్లు లేపకపోతె మూడోసారి వార్డెన్ ఆంటీకి చేస్తడు మా నాయిన. నాలుగోసారి బస్సెక్కి వస్తడు మేడం. బుగులు కాదా మరి?" అంది. గదిలో అందరూ నవ్వారు. నాకు కావలసిన మాట దొరికింది. బ్యాటరీ అయిపోతే భయమా అన్న ప్రశ్నకు ఇంకొకమ్మాయి, "చార్జింగ్ అయిపోయిందంటె నమ్మరు. ఎందుకు స్విచాఫ్ చేసినవ్ అంటరు" అంది. లైవ్ లొకేషన్ రోజంతా అన్నకు పెట్టి ఉంచాలట. క్లాసులో సైలెంట్‌లో పెట్టుకోవడానికి కూడా ముందు మెసేజ్ చేస్తుంది.

కొలబద్ద ప్రకారం ఈ ఇద్దరికీ మార్కులు బాగా పడతాయి. ఇరవైలో ఆరు వాక్యాలు అచ్చంగా మాట్లాడలేకపోవడం గురించే. ఎప్పుడు పిలిచినా పలికే అమ్మాయి, అంటే ఇంట్లోవాళ్ళు కోరుకున్నట్టే నడుచుకునే అమ్మాయి, ఈ లెక్కలో రోగి. ఆమె భయం ఫోన్ మీది మమకారంలోంచి రాలేదు. ఫోన్ అవతల ఉన్న మనిషి నుంచి వచ్చింది. రెంటికీ ఒకే అంకె.

అందరూ వెళ్ళాక గుంటూరు వైపు అమ్మాయి ఒకతి తలుపు దగ్గర ఆగింది. "మేడం, ఇందులో ఒకటి లేదండీ. ఫోన్ నా దగ్గర లేకపోతే నాకంత భయం ఉండదు. వేరేవాళ్ళ దగ్గర ఉంటే భయమండీ" అంది. సెలవులకు ఇంటికెళ్ళగానే ఫోన్ తమ్ముడి చేతికిస్తారట. తనకంటే రెండేళ్ళు చిన్నవాడు. ఎవరెవరు ఏం రాశారో అన్నీ చూస్తాడు. ఊరికి బయల్దేరే ముందు ఏమేం చెరిపేయాలో కాగితం మీద రాసుకుంటుంది.

ఆ ఇరవై వాక్యాల్లో నిజంగానే ఇది లేదు.

ఈ భయం ఉత్తదని అనుకోవడానికి అశోక్‌నగర్‌లో వీల్లేదు. 2023 అక్టోబరు 13న ఇక్కడి హాస్టల్లో గ్రూప్-2కి చదువుకుంటున్న వరంగల్ జిల్లా అమ్మాయి ఆత్మహత్య చేసుకుంది. పరీక్షల వాయిదాలే కారణమని తోటి అభ్యర్థులు ఆ రాత్రి రోడ్డు మీద కూర్చున్నారు. మర్నాడే పోలీసులు ఆమె ఫోన్‌లోని చాటింగుల గురించి విలేఖరుల ముందు మాట్లాడారు. ప్రేమ వ్యవహారమన్నారు. కారణం ఏమిటన్న వాదులోకి నేను పోను. ఒక రోజు తిరక్కుండా, కూతురు పోయిన ఇంట్లో ఏడుపింకా ఆగకుండా, ఆమె ఎవరితో ఏం రాసుకుందో రాష్ట్రమంతా టీవీల్లో విన్నది. ఆ వార్త విన్న హాస్టల్ పిల్లలు తమ ఫోన్ల వైపు ఎలా చూసి ఉంటారు?

అంతకు నాలుగేళ్ళ ముందు, 2019 నవంబరులో, శంషాబాద్ దగ్గర యువ వైద్యురాలిపై అత్యాచారం చేసి చంపినప్పుడు ఇదే ఫోన్ గురించి ఇంకో రకంగా మాట్లాడారు. ఆమె చివరిగా చెల్లెలికి ఫోన్ చేసింది. చదువుకున్నదై ఉండి 100కి చేయకుండా చెల్లెలికి చేసిందేమిటని అప్పటి తెలంగాణ హోంమంత్రి మహమూద్ అలీ అన్నారు. ఫోన్ ఉన్నా తప్పే, వాడిన తీరూ తప్పే. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరిలో దిశ యాప్ వచ్చింది. ఆడపిల్ల ప్రాణం ఫోన్‌లో ఉందని ప్రభుత్వాలే చెప్పాయి. చెప్పాక ఆమె ఫోన్ వదలకుండా పట్టుకుంటే దాన్ని వ్యసనమని కొలవడానికి మేం బయల్దేరాం.

మరోవైపు నిషేధాలు. 2016లో గుజరాత్ మెహసాణా జిల్లా సూరజ్ గ్రామం పెళ్ళికాని ఆడపిల్లలు ఫోన్ వాడితే 2,100 రూపాయల జరిమానా వేస్తామంది. అబ్బాయిలకు లేదు. మన ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల్లో ఇద్దరికీ నిషేధమే, ఆ మేరకు సమానత్వం. తర్వాత 2020లో కరోనా వచ్చి అదే ఫోన్‌ను తరగతి గది చేసింది. ఇంట్లో ఒక్క ఫోన్ ఉంటే అది ముందు ఎవరి చేతికెళ్ళిందో మన ఇళ్ళు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తాము వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు దేశం మొత్తం మీద 54 శాతం. పట్టణాల్లో 69, పల్లెల్లో 47. లేనివాళ్ళ ఆందోళనకు ఏ కొలబద్దా లేదు. మా కాగితం మొదటి గడిలోనే "మీకు స్మార్ట్‌ఫోన్ ఉందా" అని ఉంది. లేదంటే అక్కడితో సరి, ఆ పిల్ల లెక్కలోకి రాదు.

ఈ విషయంలో నాకు ధైర్యం ఇచ్చిన సంగతి ఒకటి కేరళది. కోళిక్కోడ్ జిల్లాలో ఒక కాలేజీ హాస్టల్ సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా అమ్మాయిల ఫోన్లు తీసేసుకునేది. బి.ఎ. చదివే ఫహీమా షిరిన్ ఒప్పుకోలేదు. హాస్టల్ నుంచి పంపేశారు. ఆమె కోర్టుకెళ్ళింది, తండ్రి ఆమె వైపు నిలబడ్డాడు. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో, వ్యక్తిగత గోప్యతలో భాగమని 2019 సెప్టెంబరు 19న కేరళ హైకోర్టులో జస్టిస్ పి.వి. ఆశ తీర్పిచ్చారు. మా కాగితం అప్పట్లో షిరిన్‌కి ఇస్తే ఎంత మార్కు వచ్చేదో! ఫోన్ తీసుకుంటే ఊరుకోని పిల్లను "తీవ్రం" గడిలో వేసేవాళ్ళమేమో.

పిల్లల్లో నిజంగా ఫోన్‌తో అవస్థ పడేవాళ్ళు లేరని నేననడం లేదు. తెల్లవారుఝాము మూడింటి దాకా రీల్స్ చూసి కళ్ళు ఎర్రజేసుకుని క్లాసులో తూలే పిల్లలు నాకు తెలుసు, ఆడ మగా ఇద్దరూ. బెంగుళూరు నిమ్హాన్స్ 2014లో ఇందుకోసమే ఒక క్లినిక్ పెట్టింది. నోమోఫోబియా అయితే వైద్యుల జబ్బుల జాబితాల్లో ఇప్పటికీ లేదు. దక్షిణ కొరియావాళ్ళు 2013లో బడిపిల్లల కోసం చేసిన పది ప్రశ్నల స్మార్ట్‌ఫోన్ వ్యసన కొలబద్ద ఒకటుంది. అందులో గీత అబ్బాయిలకు 31 దగ్గర, అమ్మాయిలకు 33 దగ్గర గీశారు. ఆడపిల్ల ఫోన్ బతుకు వేరేగా ఉంటుందని ఆ రెండు మార్కుల తేడాలో ఒప్పుకున్నారు. ఎందుకు వేరో అడగలేదు.

గుంటూరమ్మాయి చెప్పినదాన్ని ఇరవై ఒకటో వాక్యంగా చేర్చుదామన్నాను. గైడ్ ఒప్పుకోలేదు. ప్రామాణిక కొలబద్దకు ప్రశ్న కలిపితే వేరే ఊళ్ళ ఫలితాలతో పోల్చడం కుదరదన్నారు. ఆ మాటా సబబే. చివరికి వెనక పేజీలో, అంకెలు లేకుండా, రెండు ప్రశ్నలు పెట్టి కింద ఖాళీ గీతలు వదిలాం. "మీ ఫోన్ మీరు కాక ఇంకెవరు తెరిచి చూస్తారు? ఫోన్ ఎత్తకపోతే ఏమవుతుంది?" ఆందోళన అన్నచోట "బుగులు, కంగారు" అని రెండూ రాశాం.

ఇప్పుడు ఇంకో పేచీ వచ్చింది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలు కాబట్టి తల్లిదండ్రుల సంతకం కావాలి. సంతకానికి పంపే కాగితంతోపాటు ప్రశ్నలన్నీ జతచేయాలని ఎథిక్స్ కమిటీ నియమం. పిల్లల్ని కాపాడటానికి పెట్టిన నియమం, కాదనలేం. కానీ నీ ఫోన్ ఎవరు చూస్తారన్న ప్రశ్న ఆ పిల్లకంటే ముందు ఆ చూసేవాళ్ళ చేతికే వెళుతుంది. జవాబు రాసిన కాగితం ఎవరికీ చూపించమని ఎంత చెప్పినా, ప్రశ్న చూశాక ఇంటికి ఫోన్ రాదా? వెనక పేజీ తీసేయాలా, ఉంచాలా అని నా విద్యార్థిని రోజూ అడుగుతోంది. కమిటీకి ఉత్తరం రాశాం. జవాబింకా రాలేదు.